రోగుల లెక్కయు ఊరి లెక్కయు
(మహాసభ రెండవనాడు ఆరోగ్య విభాగమున చేసిన ఉపన్యాసము)

  

ఆరోగ్య విషయమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు నేను కొంత సంకోచించితిని. నేను వైద్యుడను గాను. మా తాతగారి నాటినుండి వచ్చిన దుకాణమున చిట్టా ఆవర్జాలు వ్రాసికొనుచు నలువదియేండ్లు గడపినవాడను. మన కులమున పుట్టి పేరుపడసిన వైద్యులు ఈ వేదికమీద కూర్చుండియుండగా నేను టీకాలనుగూర్చి మాటలాడుట సాహసమే యగును. కాని నేను చెప్పదలచినది వైద్యము గాదు; లెక్క. లెక్క మనకు కులవిద్య. మహావీరాచార్యుని గణితసార సంగ్రహమును పదునొకండవ శతాబ్దమున పావులూరి మల్లన తెనుగు చేసెను. తెలుగువాడు తన భాషలో భిన్నములు నేర్చి వేయేండ్లు కావచ్చినది. అట్టి మనమే భిన్నమున లవమును మాత్రము చూచి, క్రిందనున్న హారమును మరచి, ఆ మరపుచేత ప్రాణములమీదికి తెచ్చుకొనుచున్నామని విన్నవించుటకే నేనిచ్చట నిలిచితిని.

మొదట మన యంగడి లెక్కయే చూతము. ఒక వర్తకుడు పట్టణమున 900 మందికిని, పల్లెలో 100 మందికిని అరువిచ్చెననుకొందము. సంవత్సరాంతమున పట్టణమువారు 18 మందియు, పల్లెవారు 12 మందియు బాకీ ఎగవేసిరి. ఎగవేసినవారు మొత్తము 30 మంది. వారిలో నూటికి 60 మంది పట్టణమువారే. కావున పట్టణమువారు నమ్మదగినవారు కారని ఆ వర్తకుడు పట్టణమున అరువు మానినచో, అతని గుమాస్తా సైతము నవ్వును. ఏలయన, పట్టణమున ఎగవేసినవారు నూటికి ఇద్దరు. పల్లెలో నూటికి పన్నిద్దరు. ఎగవేసినవారి జాబితా మాత్రమే చూచినవానికి లోకము తలక్రిందుగా కనబడును. ఖాతాదారుల జాబితా కూడ ప్రక్కన పెట్టుకొన్నవానికి నిజము తెలియును. ఈ సంగతి మన పిల్లలకు సైతము తెలియును. ఐనను, రోగుల జాబితా చేతికి వచ్చినప్పుడు మనలో ఎంతమంది ఊరివారి జాబితా తెమ్మని యడుగుచున్నారు?

అడుగనివారిలో నేనొకడను. ఈ సంగతి నేను సభలో చెప్పుట ఇదే మొదటిసారి. 2021 వ సంవత్సరము ఆగస్టు నెలలో ఒకనాటి సాయంకాలము మా యూరి పఠనమందిరమున పదిమంది పెద్దల నడుమ కూర్చుండి నేనొక వార్త గట్టిగా చదివితిని. ఇశ్రాయేలు దేశమున కోవిడు ముదిరి ఆసుపత్రులలో నున్నవారిలో సగమునకు పైగా టీకా రెండు మోతాదులు వేసికొన్నవారేయని అందుండెను. వార్తలో అంకె అబద్ధము గాదు. దానిని విన్నవారిలో మా మేనమామగారు ఒకరు. ఆయనకు అప్పటికి డెబ్బదియారేండ్లు. మే నెలలో మొదటి మోతాదు వేయించుకొనిరి. రెండవది వేయించుకొనవలసిన గడువు ఆ నెలలోనే వచ్చినది. "ఏరా అబ్బాయీ, వేయించుకొన్నవాళ్లే పడకెక్కుతుంటే నాకు రెండోది దేనికిరా?" అని నన్నడిగిరి. లెక్కలలో నా మాటకు మా యింట విలువ గలదు. "తొందరేమున్నది మామయ్యా, కొన్నాళ్లు చూద్దాము" అంటిని. ఆయన కొన్నాళ్లు చూచిరి. 2022 జనవరిలో వచ్చిన ఉద్ధృతిలో కాలధర్మము చెందిరి.

పిమ్మట నేను ఆ అంకెలను మరల వెదకి చూచితిని. ఒక బాకీదారుని లెక్క సరిచూచినట్లు చూచితిని. మీకును చూపెదను.

2021 ఆగస్టు 15 వ తేదీన ఇశ్రాయేలు ఆరోగ్య శాఖవారి లెక్క ప్రకారము ఆసుపత్రులలో కోవిడు తీవ్రముగానున్న రోగులలో టీకా పూర్తిగా వేసికొన్నవారు 301 మంది. అసలు వేసికొననివారు 214 మంది. ఇంతవరకు చదివినవాడు "టీకా వేసికొన్నవారే ఎక్కువ" యని పుస్తకము మూయును. నేను మూసినది ఇచ్చటనే. ఇంకొక పుట త్రిప్పియుండవలసినది. ఆ దేశమున పండ్రెండేండ్లు దాటినవారిలో టీకా పూర్తిగా వేసికొన్నవారు 56 లక్షలకు పైగా నుండిరి. అసలు వేసికొననివారు 13 లక్షలు. 301 ని 56 లక్షలకు పంచినచో లక్షకు 5.3 మంది. 214 ను 13 లక్షలకు పంచినచో లక్షకు 16.4 మంది. వేసికొననివారికి అపాయము మూడింతలు! ఒక్క భాగహారముతో తీర్పు తిరుగబడినది.

అంతటితో ముగియలేదు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున గణాంకశాస్త్రాచార్యులైన జెఫ్రీ మోరిస్ గారు ఆ అంకెలనే వయస్సునుబట్టి విడదీసి చూపిరి. ఏబదియేండ్ల లోపువారిలో టీకా వేసికొన్న 35 లక్షలమందిలో తీవ్రరోగులు 11 మంది. వేసికొనని 11 లక్షలమందిలో 43 మంది. అనగా లక్షకు 0.3 ఒకవైపు, 3.9 మరియొకవైపు. ఏబదియేండ్లు దాటినవారిలో టీకా వేసికొన్న 21 లక్షలమందిలో 290 మంది. వేసికొనని లక్షా ఎనుబదియారువేలమందిలో 171 మంది. అనగా లక్షకు 13.6 ఒకవైపు, 91.9 మరియొకవైపు. యువకులలో టీకావలన తీవ్రరోగము నూటికి 92 పాళ్లును, వృద్ధులలో 85 పాళ్లును తగ్గినట్లు తేలినది. రెండు వర్గములను కలిపి చూచినచో మాత్రము 67 లేక 68 పాళ్లే తగ్గినట్లు కనబడును!

విడివిడిగా ఇంత మేలు కనబడుచుండగా కలిపిన లెక్కలో మేలు తగ్గుట యెట్లని సందేహము కలుగును. కారణమిది. ఆ దేశమున వృద్ధులు దాదాపుగా అందరును టీకా వేసికొనిరి. వేసికొననివారిలో అధికసంఖ్యాకులు పడుచువారు. వృద్ధునికి టీకా ఉన్నను లేకున్నను పడుచువానికంటె రోగము తీవ్రమగుట సహజము. కావున కలిపిన లెక్క ఒకవైపున ముసలివారిని, మరియొకవైపున పడుచువారిని నిలిపి తూచుటయైనది. ఇది పాతబియ్యపు బస్తాలను కొత్తబియ్యపు బస్తాలతో కలిపి సగటు ధర కట్టుట వంటిది. సగటు సరియే కావచ్చును. బేరము మాత్రము తప్పును. వృద్ధుని వృద్ధునితోను, యువకుని యువకునితోను పోల్చవలెను. మా మేనమామగారు డెబ్బదియారేండ్లవారు. ఆయన వంతు పుటలో నున్న అంకె 13.6 కు ఎదురుగా 91.9. నేను ఆయనకు ఆ పుట చదివి వినిపింపలేదు.

ఇంకొక యుదాహరణము. అదే సంవత్సరము జూలై నెలలో అమెరికాయందలి మసాచుసెట్సు రాష్ట్రమున ప్రావిన్సుటౌను అను చిన్న సముద్రతీర పట్టణమునకు వేసవి వేడుకలకై వేలకొలది జనులు వచ్చిరి. పిమ్మట ఆ రాష్ట్రవాసులలో 469 మందికి కోవిడు సోకినట్లు తేలెను. వారిలో 346 మంది, అనగా నూటికి 74 మంది, టీకా పూర్తిగా వేసికొన్నవారు. ఆసుపత్రిలో చేరిన ఐదుగురిలో నలుగురు టీకా వేసికొన్నవారే. ఈ 74 అను అంకె ప్రపంచమంతట మారుమ్రోగెను. కాని ఆ వేడుకలకు వచ్చినవారిలో టీకా వేసికొన్నవారెందరు, వేసికొననివారెందరు? ఆ హారము చేత లేదు. ఆ రాష్ట్రమున టీకాకు అర్హులైనవారిలో నూటికి 69 మంది అప్పటికే వేసికొనియుండిరి. హారము లేనిచోట 74 అను అంకె టీకా బలమునుగూర్చి ఏమియు చెప్పజాలదు. ఆ నివేదికను ప్రచురించిన అమెరికా రోగనిరోధక సంస్థవారే, ఈ అంకెలనుబట్టి టీకా శక్తిని నిర్ణయింపరాదనియు, జనులలో టీకా వ్యాపించినకొలది రోగులలో టీకా వేసికొన్నవారి పాలు పెరుగుట సహజమనియు అందులోనే వ్రాసిరి. చాలమంది అంకెను చదివి, దాని ప్రక్కనున్న ఈ వాక్యములను వదలిరి.

న్యాయము రెండువైపుల చెప్పవలెను. ప్రావిన్సుటౌను లెక్క వ్యర్థమైనది గాదు. టీకా వేసికొన్నవారికిని ఆ డెల్టా రకపు వ్యాధి సోకగలదనియు, వారివలన ఇతరులకు అంటుకొనగలదనియు అది హెచ్చరించెను. అందుచేతనే ఆ నెల 27 వ తేదీన, వ్యాధి హెచ్చుగానున్న ప్రాంతములలో టీకా వేసికొన్నవారు సైతము ఇంటిలోపలి సమావేశములందు ముక్కును నోటిని కప్పుకొనవలెనని ఆ సంస్థవారు చెప్పిరి. నివేదికనాటికి ఆ 469 మందిలో ఒక్కరును మరణింపలేదనుట కూడ అందే యున్నది. ఒక అంకె ఒక ప్రశ్నకు సమాధానము చెప్పును. దానిచేత అడుగని ప్రశ్నకు సమాధానము చెప్పించుటయే తప్పు.

ఈ తప్పు నేటిది గాదు. 1721 వ సంవత్సరమున ఆ మసాచుసెట్సులోనే బోస్టను నగరమున మశూచి చెలరేగెను. టీకా అప్పటికి పుట్టలేదు. రోగి బొబ్బలోని రసమును ఆరోగ్యవంతుని చర్మమున నాటు పాతపద్ధతిని బాయిల్‌స్టన్ అను వైద్యుడు సుమారు 240 మందికి చేసెను. వారిలో ఆరుగురు మరణించిరి. ఊరు అతనిపై మండిపడెను. కాని సహజముగా మశూచి సోకినవారు 5,800 మందికి మించియుండగా వారిలో 844 మంది మరణించిరి. ఒకవైపు నలువదిమందిలో ఒకరు. మరియొకవైపు ఏడుగురిలో ఒకరు. ఆరు శవములు అందరికిని కనబడెను. హారము కనబడుటకు లెక్క కట్టవలసివచ్చెను. ఆ మశూచియే, మన తాతముత్తాతలు అమ్మవారని పిలిచి వేపమండలు కట్టి భయభక్తులతో కొలిచినదే, టీకావలన భూమిమీద లేకుండ పోయినదని 1980 మే 8 వ తేదీన ప్రపంచ ఆరోగ్య మహాసభ ప్రకటించెను.

ఇక మన యింటి సంగతికి వచ్చెదను. మన సంఘ విద్యార్థి వసతిగృహమున చేరు ప్రతి బాలుడును తట్టు, అనగా మీజిల్సు, టీకా రెండు మోతాదులు వేసికొన్నట్లు పత్రము తేవలెననియు, లేనివారికి సంఘమే వేయింపవలెననియు రేపటి సభలో ఒక తీర్మానము రానున్నది. దానికి కొందరు సభ్యులు అభ్యంతరము చెప్పుచున్నారు. గత సంవత్సరము మన వసతిగృహమున తట్టు సోకిన పిల్లలలో హెచ్చుమంది టీకా వేసికొన్నవారేయనియు, కావున సంఘధనము వ్యర్థపరుపరాదనియు వారి వాదము. వారు మన మేలుకోరు పెద్దలు, అబద్ధమాడువారు కారు. వారి అంకె నిజమే. కాని నేను వసతిగృహపు రిజిష్టరు తెప్పించి చూచితిని. అందలి పిల్లలలో దాదాపు అందరును టీకా వేసికొన్నవారు. వేసికొననివారు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది. వారిలో సగమునకు పైగా పడకెక్కిరి. టీకా వేసికొన్న అంత పెద్ద సమూహములో పడినవారు కొందరే.

ఇది స్పష్టపడుటకు ఒక మాదిరి లెక్క వేసి చూపెదను. తట్టు టీకా రెండు మోతాదులు వేసికొన్నవారిలో నూటికి 97 మందికి రక్షణ కలుగును, ముగ్గురికి కలుగదు. రక్షణలేనివారు రోగికి దగ్గరగా మెలగినచో పదింట తొమ్మిదిమందికి సోకును. 1,000 మంది పిల్లలున్న విద్యాలయము నొకదానిని ఊహింపుడు. వ్యాధి అందరిదాకను వచ్చెననుకొనుడు. ఒక్కరును టీకా వేసికొననిచో 900 మంది రోగులగుదురు. 950 మంది వేసికొని 50 మంది మానినచో, మానినవారిలో 45 మందికిని, వేసికొన్నవారిలో 26 మందికిని సోకును. మొత్తము రోగులు 71. 990 మంది వేసికొన్నచో, మానిన పదిమందిలో 9 మందికిని, వేసికొన్నవారిలో 27 మందికిని సోకును, మొత్తము 36. అందరును వేసికొన్నచో మొత్తము రోగులు 27. ఆ 27 మందియు టీకా వేసికొన్నవారే!

చూచితిరా? రోగులలో టీకా వేసికొన్నవారి పాలు నూటికి 37 నుండి 75 కును, 75 నుండి 100 కును పెరిగినది. రోగుల సంఖ్య 900 నుండి 27 కు దిగినది. "రోగులందరును టీకా వేసికొన్నవారే" యను మాట ఈ విద్యాలయమున అక్షరాల నిజము. అది టీకా ఓటమికి గుర్తు గాదు, గెలుపునకు గుర్తు. నిజమునకు అంతమంది రక్షితుల నడుమ వ్యాధి ఆ 27 మందిదాక వచ్చుటయే దుర్లభము.

టీకాను మెచ్చువారు కూడ తప్పుచేయుచున్నారని చెప్పకున్నచో నా లెక్క పక్షపాతమగును. "మా వీథిలో టీకా వేసికొన్న ఐదుగురిలో ఒక్కరికిని రాలేదు" అని చాటువారు గలరు. ఐదుగురి లెక్క ఏమియు రుజువు చేయదు. "మా మండలమున నూటికి నూటపదిమందికి టీకాలు పడినవి" అని గర్వించువారు గలరు. నూటికి నూటపదియెట్లు? పొరుగూరివారు వచ్చి వేయించుకొనియుందురు. లేక జనసంఖ్య పాతదగును. 2021 లో జరుగవలసిన జనాభా లెక్క ఆనాడు జరుగలేదు గనుక 2011 నాటి లెక్కనుండి అంచనా కట్టవలసివచ్చెను. హారము తప్పినప్పుడు పొగడ్తయు తప్పే. అట్లే, "జిల్లాలో నూటికి 95 మందికి తట్టు టీకా పడినది, ఇక భయములేదు" అనుట. జిల్లా సగటు 95 ఐనను ఒక పేటలో 60 మాత్రమే యుండవచ్చును. వ్యాధి సగటును చూచి రాదు. ఆ పేటను వెదకికొని వచ్చును.

కావున మన కులసోదరులు ఎవరైనను టీకానుగూర్చి అంకె చెప్పినప్పుడు, అది మనకు ప్రియమైనను అప్రియమైనను, నాలుగు ప్రశ్నలు వేయవలెనని నా మనవి. మొదటిది: ఎందరిలో ఇందరు? రెండవది: పోల్చిన ఇరుపక్షములవారు వయస్సునను, ఆరోగ్యమునను సమానులా? మూడవది: లెక్కించినది ఏమి? వ్యాధి సోకుటయా, ఆసుపత్రిలో చేరుటయా, మరణించుటయా? నాలుగవది: ఎవరు, ఎప్పుడు, ఎంత చిన్న గుంపులో లెక్కించిరి? వీనికి సమాధానము దొరకనిచో ఆ అంకెను పదిమందిలో చదువరాదు. జమ తెలియని ఖర్చును మనము ఆవర్జాకు ఎక్కింపము గదా!

చివరకు మా మేనమామగారినిగూర్చి ఒక్క మాట. రెండవ మోతాదు వేయించుకొనియున్నచో ఆయన బ్రదికియుండెడివారని నేను చెప్పజాలను. ఆయన ఆ లక్షలో ఏ పక్షమున నుండెడివారో భగవంతునికి తెలియును. లెక్క సమూహమునుగూర్చి చెప్పును. ఒక్క మనుష్యునిగూర్చి ప్రమాణము చేయదు. ఇప్పటి నా వాదమునకు బలము చేకూరుననుచు ఆయన మరణమును సాక్ష్యముగా చూపినచో ఆనాటి తప్పునే మరల చేసినవాడనగుదును. నేను చెప్పగలిగినది ఇంతే: ఆయన నన్ను నమ్మి అడిగిరి, నేను సగము లెక్క చదివి పూర్తి సలహా యిచ్చితిని. ఆ బాకీ నా ఖాతాలో అట్లే యున్నది. తీర్చుట నా తరము గాదు.

రేపు తీర్మానము వచ్చినప్పుడు మీ యిష్టానుసారము చేతులెత్తుడు. నా మాట విని ఎత్తవలదు. వసతిగృహపు రిజిష్టరు కార్యాలయమున బల్లమీద పెట్టించితిని. అభ్యంతరము చెప్పుచున్న పెద్దలు మొదటగా చూడవలెనని వేడుచున్నాను. పడకెక్కిన పిల్లల పేర్లు ఒక పుటలోను, పిల్లలందరి పేర్లు మరియొక పుటలోను ఉన్నవి. రెండు పుటలును చూచి, పిమ్మట మీ తీర్పు చెప్పుడు.